శుక్రవారం రాత్రి దుప్పట్లు పెరటికి, శనివారం పొద్దున్నే మనం కొండకి

చలి ప్రాంతాల్లో శరత్కాలం గురించి ఏమైనా చెప్పేముందు నేను చేసిన తప్పొకటి ఒప్పేసుకుంటాను, ఎందుకంటే కింద రాసిన పద్ధతంతా ఆ తప్పులోంచే పుట్టింది. ఒక శుక్రవారం సాయంత్రం ఫోన్లో చూస్తే మర్నాటికి ఒక్క మబ్బు లేదు, గాలి లేదు, వాన ఊసే లేదు. "ఏమండీ, రేపు కొండకి పోదామా, ఇలాంటి రోజు మళ్ళీ దొరకదు" అన్నాను. బ్యాగులు సర్దుకుని, తెల్లారకముందే బయల్దేరి, రోజంతా తిరిగి, చీకటి పడ్డాక ఇల్లు చేరి పడుకున్నాం. ఆదివారం పొద్దున కాఫీ పట్టుకుని పెరట్లోకి వెళ్తే టమాటా మొక్కలు ఉడికించిన తోటకూరలా వేలాడుతున్నాయి. బేసిల్ (తులసి జాతి ఆకు) నల్లగా మాడిపోయింది. ఇంకో పది రోజుల్లో కోద్దామనుకున్న కాయలు నీరు కారుతూ మెత్తబడ్డాయి.

కోపమంతా వాతావరణం యాప్ మీద చూపించాను. రాత్రి 3 డిగ్రీలు అని కదా రాసింది, మరి గడ్డ ఎలా కట్టింది? తర్వాత తెలిసింది, తప్పు దానిది కాదని. కొండకి మంచి రోజు అని మనం దేన్ని చూసి సంబరపడతామో, ఆ మబ్బులేని ఆకాశం, ఆ కదలని గాలి, సరిగ్గా అవే పెరటికి గండం. పగలంతా నేల పట్టి ఉంచిన వేడి రాత్రి పైకి పోతుంది. మబ్బుంటే కొంత ఆపుతుంది, లేకపోతే అడ్డే లేదు. గాలి వీస్తుంటే పైనున్న కాస్త వెచ్చటి గాలి కిందికి కలుస్తుంది, వీయకపోతే చల్లగాలి బరువుగా ఉంటుంది కాబట్టి నేలకి కరుచుకుని పడుకుంటుంది. పైగా ఉష్ణోగ్రత కొలిచే పరికరం నేల మీద ఉండదు, ఒకటిన్నర రెండు మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ 3 డిగ్రీలుంటే నేలకి దగ్గరగా ఉన్న ఆకు మీద 0 ఉండొచ్చు, ఇంకా తక్కువా ఉండొచ్చు. ఇలా ఆకుల మీద తేమ పేరుకుని గడ్డకట్టడాన్నే ఫ్రాస్ట్ అంటాం.

అంటే కొండకీ పెరటికీ కబురు ఒకటే వస్తుంది. ఒకళ్ళకి శుభవార్త, ఇంకొకళ్ళకి చావు కబురు. రెండూ కావాలనుకుంటే వారాంతాన్ని గురువారం నుంచే మొదలుపెట్టాలి.

గురువారం: యాప్‌లో మూడు సంగతులు చూడండి

ఎండా వానా బొమ్మ చూసి ఫోన్ పక్కన పడేయకండి. రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఎంత, మబ్బు ఉందా, గాలి ఉందా అన్నవి చూడండి. 4 డిగ్రీలు లేదా తక్కువ చూపిస్తూ మబ్బూ గాలీ రెండూ లేకపోతే ఆ రాత్రి ఫ్రాస్ట్ వస్తుందనే లెక్కలో ఉండండి. అదే 4 డిగ్రీలు, కానీ మబ్బు పట్టి గాలి వీస్తుంటే చాలాసార్లు ఏమీ కాదు, నిశ్చింతగా పడుకోవచ్చు.

పెరట్లో ఏ మూల ముందు చల్లబడుతుందో తెలుసుకోవడం ఇంకా ముఖ్యం. చల్లగాలి నీళ్ళలాగే పల్లానికి పారుతుంది, గోడో కంచో అడ్డొస్తే అక్కడ నిలుస్తుంది. ఒకరోజు పొద్దున్నే, సూర్యుడు రాకముందు, చెప్పుల్లేకుండా గడ్డి మీద ఒక రౌండు తిరగండి. ఎక్కడ కాలు జివ్వుమంటుందో అక్కడే మొదటి ఫ్రాస్ట్ పడుతుంది. మాకు కంచె పక్కన మూల అలాంటిది, నేను అదే తెలివిగా చూసుకుని మరీ టమాటాలు వేశాను! ఇంటి గోడకి ఆనుకుని ఉన్న చోటు అన్నిటికంటే ఆలస్యంగా చల్లబడుతుంది, కుండీలుంటే అక్కడికి జరపండి.

ఇక కొండ సంగతి. గురువారమే ఏ బాట, ఎంత దూరం, ఎంత ఎత్తు అన్నది తేల్చేసుకోండి. దీనికి పాత లెక్క ఒకటుంది, 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పింది: చదునుగా నడిచే ప్రతి 5 కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. రానూపోనూ 10 కిలోమీటర్లు, 600 మీటర్ల ఎక్కుడు అనుకోండి, మూడు గంటలు. అది ఆగకుండా నడిచేవాళ్ళకి. ఫోటోలు, తిండి, "ఒక్క నిమిషం ఊపిరి తీసుకోనీ" అనేవి కలుపుకుంటే మనలాంటి వాళ్ళకి నాలుగున్నర గంటలు పెట్టుకోవాలి. పిల్లలుంటే ఆరు.

ఎండాకాలంలో ఈ లెక్క తప్పినా వెలుతురు కాపాడుతుంది. ఇప్పుడు కాపాడదు. ఉత్తరార్ధగోళంలో సెప్టెంబర్ 22, 23 తేదీల్లో, దక్షిణార్ధగోళంలో మార్చి 20, 21 తేదీల్లో పగలూ రాత్రీ దాదాపు సమానమవుతాయి. ఆ రోజుల్లో, భూమధ్యరేఖకీ ధ్రువానికీ దాదాపు సగం దూరంలో ఉన్న ప్రాంతాల్లో, పగలు రోజుకి రెండున్నర మూడు నిమిషాల చొప్పున తగ్గుతుంది. వారానికి దాదాపు 20 నిమిషాలు. నెల కిందట ఇదే బాట వెలుతురు ఉండగానే దిగాం కదా అనే ధైర్యం ఇప్పుడు పనికిరాదు, గంటకి పైగా పోయింది. దానికి తోడు లోయలో నడుస్తుంటే యాప్‌లో ఉన్న సూర్యాస్తమయం టైమ్ కంటే చాలా ముందే సూర్యుడు కొండ వెనక్కి వెళ్ళిపోతాడు. అందుకని వెనక్కి తిరిగే టైమ్ ఒకటి ఇంట్లోనే రాసుకోండి. శిఖరం పది నిమిషాల దూరంలో కనపడుతున్నా సరే, ఆ టైమ్ అయితే తిరగాల్సిందే. పైకి వెళ్ళాక పెట్టుకునే టైమ్ ఎప్పుడూ ఇంకో అరగంట జరుగుతుంది, నాకు బాగా తెలుసు.

శుక్రవారం సాయంత్రం: ముందు పెరడు, తర్వాతే బ్యాగు

ఆఫీసు నుంచి రాగానే పెరట్లోకి వెళ్ళండి. బ్యాగు రాత్రి పదింటికైనా సర్దుకోవచ్చు, చీకట్లో టమాటాలు కోయడం కుదరదు.

అన్నీ కోయాలని కంగారు పడక్కర్లేదు, మొక్కలు రెండు రకాలు. ఫ్రాస్ట్ తగిలితే పోయేవి: బేసిల్, టమాటా, వంగ, మిరప, బెండ, దోస, బీన్స్, గుమ్మడి, చిలగడదుంప తీగ. తులసి కూడా ఇందులోదే, కుండీ లోపలికి తెచ్చేయండి. తట్టుకునేవి: క్యారెట్, బీట్‌రూట్, క్యాబేజీ, కేల్ (క్యాబేజీ జాతి ఆకుకూర), పాలకూర. వీటిలో క్యారెట్, కేల్ లాంటివాటికి చలి తగిలితే ఇంకా మంచిది, గడ్డకట్టకుండా కాపాడుకోవడానికి లోపలున్న పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకుంటాయి. రెండు మూడు ఫ్రాస్టులు తిన్న క్యారెట్ పీకి, మట్టి తుడిచి కొరికి చూడండి, వేసవిలో తిన్నది దీని ముందు చప్పగా అనిపిస్తుంది. కాబట్టి ఆ వరుస జోలికి వెళ్ళకండి.

టమాటా దగ్గర మాత్రం కాస్త ఆగుదాం, ఎక్కువమంది పారబోసుకునేది దీన్నే. పచ్చికాయలన్నీ ఒకలా ఉండవు. కాయని వెలుతురుకి పట్టుకుని చూడండి. ముదురాకుపచ్చగా, గట్టిగా, చిన్నగా ఉన్నవి ఇంకా లేతవి, అవి ఇంట్లో పెట్టినా పండవు, కూరకో పచ్చడికో వాడేయండి. పచ్చదనం వెలిసి, తెల్లటి ఛాయ వచ్చి, తొక్క నున్నగా మెరుస్తుంటే అది ముదిరింది. కింద ముక్కు దగ్గర కొంచెం గులాబీ రంగు కనపడిందా, దానికి ఇక మొక్కతో పనే లేదు, గదిలోనే చక్కగా పండుతుంది. ముదిరినవన్నీ కోసేయండి, దెబ్బ తగిలినవి, పుచ్చినవి వేరు చేయండి, తడి తుడిచి అట్టపెట్టెలో కాగితం పరిచి ఒకే వరుసగా పెట్టండి. ఒకదాని మీద ఒకటి పోస్తే కింద ఒకటి కుళ్ళి పెట్టెంతా అంటిస్తుంది.

కిటికీ గూట్లో ఎండ తగిలేలా పెట్టాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. కాయ పండటానికి ఎండ కాదు, వెచ్చదనం కావాలి, 18 నుంచి 21 డిగ్రీలుంటే బాగుంటుంది. తొందరగా కావాలంటే పెట్టెలో ఒక మగ్గిన అరటిపండు వేసి మూయండి, దాన్నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు మిగతావాటిని పండిస్తుంది. నెమ్మదిగా కావాలంటే కొంచెం చల్లటి గదిలో పెట్టండి, అరటిపండు వద్దు. సగం అలా, సగం ఇలా పెడితే నెల రోజులు విడతలుగా వస్తాయి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, పండటం ఆగిపోతుంది, రుచీ పోతుంది. రెండ్రోజులకొకసారి పెట్టె మూత తీసి వాసన చూడండి. కుళ్ళు కంటికి కనపడేలోపే ముక్కుకి తెలుస్తుంది.

గుమ్మడికాయ కోసేముందు తొక్క మీద గోరు గుచ్చండి. గోరు దిగకపోతే ముదిరినట్టే. తొడిమ నాలుగు వేళ్ళ పొడవు ఉంచి కత్తెరతో కోయండి, తెంపకండి. ఆ తొడిమ పట్టుకుని ఎత్తకండి కూడా, అది పిడిలా కనపడుతుంది కానీ పిడి కాదు, ఊడొస్తే అక్కడి నుంచే కుళ్ళు మొదలవుతుంది. కోసినవాటిని వెచ్చటి, గాలాడే చోట పది పద్నాలుగు రోజులు ఆరనిస్తే తొక్క గట్టిపడి నెలల తరబడి నిలవుంటాయి. చిలగడదుంపలకీ ఇలాంటిదే, కాకపోతే తేమ కూడా కావాలి. 29, 30 డిగ్రీల్లో వారం పాటు ఉంచితే తవ్వేటప్పుడు తగిలిన గీతలు మానుతాయి, ఆ తర్వాత కొన్ని వారాలు నిలవ ఉంచితే తీపి పెరుగుతుంది. తవ్విన రోజే ఉడకబెట్టి "ఈసారి దుంపలు చప్పగా వచ్చాయి" అని నిట్టూర్చకండి.

ఇప్పుడు దుప్పట్లు. కోయడానికి సిద్ధంగా లేని మొక్కల్ని కప్పాలి. పాత బెడ్‌షీట్లు, పల్చటి దుప్పట్లు అన్నిటికంటే మంచివి. మొక్క చుట్టూ మూడు నాలుగు కర్రలు పాతి వాటి మీద పరవండి, బట్ట ఆకుల్ని నొక్కకూడదు. ముఖ్యమైన సంగతి ఏంటంటే అంచులు నేలకి తగలాలి. మనం మొక్కకి శాలువా కప్పడం లేదు, నేలలోంచి వచ్చే వేడి బయటికి పోకుండా గుడారం వేస్తున్నాం. చాలామంది పైన కప్పి, అడుగున చుట్టి, తాడుతో కాండానికి కట్టేస్తారు, లాలీపాప్‌లా. అప్పుడు నేల వేడి బయటే ఉండిపోతుంది. అంచుల మీద ఇటుకలో రాళ్ళో పెట్టండి. మధ్యాహ్నమే మట్టి తడిపి ఉంచితే ఇంకా మంచిది, తడి నేల పొడి నేల కంటే ఎక్కువ వేడి పట్టి ఉంచుతుంది.

ప్లాస్టిక్ షీట్ వద్దని చెప్పను కానీ, అది తగిలిన చోట ఆకు మాడుతుంది, పైగా పొద్దున ఎండ రాగానే తీసేయాలి, లేకపోతే లోపల మొక్క ఉడుకుతుంది. మనం తెల్లారకముందే కొండకి వెళ్ళిపోతాం కదా, తీసేది ఎవరు? అందుకే బట్ట. పల్చటి బట్టయితే సాయంత్రం దాకా ఉన్నా మొక్కకి పెద్దగా ఏమీ కాదు. పక్కింటివాళ్ళతో మాటలుంటే వాళ్ళకి నాలుగు టమాటాలిచ్చి, తొమ్మిదింటికి ఒకసారి దుప్పట్లు లాగేయమనండి, అది అన్నిటికంటే ఉత్తమం.

శుక్రవారం రాత్రి: బ్యాగు

ఎత్తుకి వెళ్ళేకొద్దీ చల్లబడుతుందని అందరికీ తెలుసు, ఎంత అన్నది చాలామంది లెక్కేయరు. సగటున ప్రతి 1000 మీటర్లకి ఆరున్నర డిగ్రీలు. ఇంటి దగ్గర మధ్యాహ్నం 15 డిగ్రీలుంటే, 1200 మీటర్లు పైకి వెళ్ళేసరికి 7 చిల్లర. గాలి వీస్తే ఒంటికి ఇంకా తక్కువ అనిపిస్తుంది. ఇంటి గుమ్మంలో నిలబడి "ఈ షర్టు చాలు" అనుకోవడమే అందరం చేసే పొరపాటు.

బట్టలు పొరలుగా ఉండాలి. ఒంటికి తగిలేది చెమట పట్టి ఉంచని పాలిస్టరో ఊలో, దాని మీద వెచ్చగా ఉండే ఫ్లీస్, పైన గాలీ వానా ఆపే జాకెట్. కాటన్ బనీను, జీన్స్ వద్దే వద్దు. కాటన్ తడిస్తే ఆరదు, ఎక్కేటప్పుడు పట్టిన చెమట పైన ఆగగానే మంచుముద్దలా వీపుకి అంటుకుంటుంది. ఒళ్ళు ప్రమాదకరంగా చల్లబడటానికి మంచు పడక్కర్లేదు, 8, 10 డిగ్రీల్లో తడి బట్టలు, గాలి ఉంటే చాలు. నడక మొదలుపెట్టినప్పుడు కాస్త చలేస్తుండాలి. పది నిమిషాల్లో ఒళ్ళు వేడెక్కుతుంది. మొదట్లోనే హాయిగా ఉంటే మీరు ఒక పొర ఎక్కువ వేసుకున్నారన్నమాట, చెమట పట్టకముందే తీసేయండి. ఆగగానే, చలేసేదాకా చూడకుండా, వేసేసుకోండి.

హెడ్‌ల్యాంప్ (తలకి కట్టుకునే లైటు) తప్పనిసరి, ఉదయం పదింటికి దిగిపోతామనుకున్నా సరే. ఫోన్ టార్చ్ దానికి బదులు కాదు, ఒక చేయి దానికే పోతుంది, పైగా చలికి ఫోన్ బ్యాటరీ చకచకా దిగిపోతుంది. ఫోన్‌ని బ్యాగు బయటి జేబులో కాకుండా జాకెట్ లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా పెట్టుకోండి. ఆఫ్‌లైన్ మ్యాప్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి. ఒక విజిల్. చాలాచోట్ల కొండల్లో ఆపదకి గుర్తు నిమిషానికి ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరుసార్లు. విన్నవాళ్ళు నిమిషానికి మూడుసార్లు ఊది జవాబిస్తారు. అరుపు కంటే చాలా దూరం పోతుంది, గొంతూ పోదు. చలిలో దాహం తెలియదు కాబట్టి నీళ్ళు తక్కువ పెట్టుకుంటాం, అలా చేయకండి, ఒక ఫ్లాస్కులో వేడిది ఏదైనా తీసుకెళ్ళండి. తిండి మీ ఇష్టం. నేను సాయంత్రం పీకిన నాలుగు క్యారెట్లు కడిగి పెట్టుకుంటాను, నలగవు, కారవు, తొక్క పారేసే బాధ లేదు.

ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికల్లా ఫోన్ చేస్తారో, చేయకపోతే ఏం చేయాలో ఇంట్లో ఉండేవాళ్ళకి మెసేజ్ పెట్టి పడుకోండి.

శనివారం: కొండ మీద

రాలిన ఆకుల గురించి అందరూ కవిత్వం చెప్తారు, నేను కాలి కింద ఎలా ఉంటాయో చెప్తాను. తడి ఆకులు సబ్బు రాసిన గచ్చులాంటివి. వాటి కింద రాయుందా, వేరుందా, గుంటుందా కనపడదు. ఎక్కేటప్పుడు పర్లేదు, దిగేటప్పుడే జారతాం. అడుగులు చిన్నవి చేయండి, మోకాళ్ళు కొంచెం వంచి, బరువు వెనక్కి వేయకుండా పాదం మొత్తం ఆన్చండి. వెనక్కి వాలితే మడమ జారి కూలబడతాం, భయపడ్డప్పుడు ఒళ్ళు అలాగే వాలుతుంది, అదే చిక్కు. చేతికర్రలుంటే దిగేటప్పుడు కాస్త పొడవు పెంచుకోండి. నీడలో ఉన్న చెక్క వంతెనల మీద పొద్దున పల్చటి మంచు పొర ఉంటుంది, మెరవదు, తడిలా కనపడుతుంది, నడిచేముందు కాలితో ఒకసారి రాసి చూడండి.

కాలిలో ఎక్కడైనా వేడిగా గీరుతున్నట్టు అనిపిస్తే వెంటనే ఆగి, మేజోడు తీసి టేపు వేయండి. తర్వాత చూద్దామంటే తర్వాత చూసేది పొక్కునే. వేటకి అనుమతి ఉన్న అడవులైతే ఈ కాలంలో వేట సీజన్ నడుస్తుండొచ్చు, ముందే కనుక్కుని నారింజ రంగు చొక్కానో టోపీనో వేసుకోండి. చలొచ్చింది కదా పురుగులు పోయుంటాయని అనుకోకండి, పిడుదులు ఇంకా తిరుగుతూనే ఉంటాయి, ఇంటికొచ్చాక మోకాళ్ళ వెనక, నడుం దగ్గర వెతుక్కోండి. ఎర్రగా నిగనిగలాడే పళ్ళు, అందమైన పుట్టగొడుగులు ఫోటో తీసుకుని వదిలేయండి. తెలిసినవాళ్ళు పక్కనుండి ఇది తినొచ్చని చేతిలో పెడితే తప్ప నోట్లో వేసుకోవద్దు.

పొద్దున్నే ఎక్కితే ఒక్కోసారి ఒక వింత కనపడుతుంది. కింద కారు పెట్టిన చోట పొగమంచు, ఎముకలు కొరికే చలి. అరగంట ఎక్కేసరికి పొగమంచు కిందుండిపోయి మనం ఎండలోకొచ్చేస్తాం, అక్కడ కిందకంటే వెచ్చగా కూడా ఉంటుంది. ఎత్తుకెళ్తే చల్లగా ఉండాలి కదా? రాత్రి గాలి కదలకపోవడంతో చల్లగాలంతా లోయలోకి జారి పేరుకుపోయింది, అంతే. మీ పెరట్లో కంచె మూల ఎందుకు ముందు గడ్డకట్టిందో ఇక్కడి నుంచి చూస్తే పెద్ద బొమ్మ గీసినట్టు అర్థమవుతుంది. లోయ పెద్ద పెరడు, అంతే తేడా.

కూర్చుని క్యారెట్ కొరుకుతూ ఆకులు చూడండి. రాత్రులు పెరిగేకొద్దీ చెట్టు ఆకు తొడిమ మొదట్లో బెరడులాంటి అడ్డుపొర కట్టుకుంటుంది. ఆకులోని పత్రహరితం విరిగిపోతుంది, కొత్తది తయారుకాదు. పసుపు రంగు కొత్తగా వచ్చింది కాదు, వసంతం నుంచీ అక్కడే ఉంది, పచ్చదనం కింద దాక్కుని. ఎరుపు మాత్రం చాలా చెట్లలో అప్పటికప్పుడు తయారయ్యేది, పగలు ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉన్న ఏడాది బాగా వస్తుంది. టమాటా పెట్టెలో జరిగేదీ ఇలాంటిదే, పచ్చ విరుగుతూ ఉంటుంది, ఎరుపు పుడుతూ ఉంటుంది. ఎత్తున చలి ముందొస్తుంది కాబట్టి రంగు కూడా పైనుంచి కిందికి దిగుతుంది. ఈ వారం ఏ ఎత్తు దాకా మారిందో గుర్తుపెట్టుకుని వచ్చే వారం మళ్ళీ చూస్తే, చలి మీ ఇంటివైపు ఎంత వేగంగా వస్తోందో కంటికే తెలుస్తుంది. యాప్ కంటే నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను.

వెనక్కి తిరిగే టైమ్ గుర్తుందిగా.

ఆదివారం: కూర్చుని చేసే పనులు

శనివారం దిగిన కొండ ఆదివారం తొడల్లో దిగుతుంది. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బరువు ఆపుతాయి, ఆ నొప్పి అప్పుడు తెలియదు, ఒకట్రెండు రోజుల తర్వాత పూర్తిగా బయటపడుతుంది. కాబట్టి ఆదివారం బంగాళాదుంపలు తవ్వే కార్యక్రమం పెట్టుకోకండి. నేను ఒకసారి పెట్టుకున్నాను, కూర్చున్నదాన్ని లేవలేక పార ఊతంగా పట్టుకుని లేచాను, మా ఆయన సాయం చేయాల్సింది పోయి ఫోన్ తీశాడు. బంగాళాదుంప మొక్క ఎండిపోయాక దుంపలు రెండు వారాలు నేలలో ఉంటేనే తొక్క గట్టిపడుతుంది, వచ్చే వారం తవ్వినా ఏమీ పోదు. తవ్వాక కడగకుండా, మట్టి దులిపి చీకట్లో పెట్టండి. వెలుతురు తగిలి పచ్చబడితే ఆ భాగంలో సొలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది, పచ్చభాగం లోతుగా కోసి పారేయాలి, దుంపంతా పచ్చబడితే దుంపే పారేయాలి.

ఆదివారం పని ఏంటంటే, దుప్పట్లు తీసి ఆరేయడం. ఎండిన చిక్కుడు, బీన్స్ కాయల్ని ఒళ్ళో వేసుకుని ఒలవడం. కాయ ఊపితే గింజ గలగలలాడాలి, గింజ మీద గోరు గుచ్చితే గాటు పడకూడదు, అప్పుడే విత్తనానికి నిలవ చేయొచ్చు. యాపిల్ చెట్టుంటే కాయని అరచేతిలో పట్టుకుని పైకెత్తి కొంచెం తిప్పండి, తయారైంది చేతిలోకి వచ్చేస్తుంది, బలం పెట్టాల్సివస్తే ఇంకా వారం ఆగండి. యాపిల్స్‌ని క్యారెట్ల పక్కన పెట్టకండి. మళ్ళీ ఆ ఇథిలీనే, క్యారెట్లు చేదెక్కుతాయి.

వెల్లుల్లి నాటడానికి ఇదే అదను, నేల గడ్డకట్టడానికి ఇంకా కొన్ని వారాలుండగా. పెద్ద రెబ్బలు ఏరి, పొట్టు తీయకుండా, మొన పైకి ఉండేలా, రెండంగుళాల లోతున, జానెడుకి కాస్త తక్కువ దూరంలో గుచ్చుకుంటూ పోండి. వంగలేకపోతే చిన్న పీట వేసుకుని కూర్చోండి. ఆ మడి మీద ఎండాకులు నాలుగంగుళాల మందాన పరవండి. మిగిలిన ఆకులు ఊడ్చి తగలబెట్టకండి, ఒక మూల వలతో చుట్టి తడిపి వదిలేస్తే ఏడాది రెండేళ్ళలో నల్లటి ఆకుమట్టి అవుతుంది, అడవి నేల వాసన వస్తుంది. తెగులు పట్టిన టమాటా మొక్కల్ని మాత్రం అందులో వేయకండి, వచ్చే ఏడాదికి తెగులు దాచిపెట్టినట్టే.

ఈ వరుస మూడు నాలుగు వారాలు సాగుతుంది. ఒకరోజు ఏ దుప్పటీ ఆపలేనంత చలి వస్తుంది, రాత్రి మైనస్ మూడో నాలుగో చూపిస్తుంది. ఆ రోజు పోరాడకండి. ఉన్నవన్నీ కోసేయండి, కొంచెం పచ్చిగా ఉన్నా సరే, టమాటా మొక్కల్ని వేళ్ళతో పీకి కాయలతో సహా షెడ్డులో తలకిందులుగా వేలాడదీసినా కొన్ని పండుతాయి. క్యారెట్లూ కేలూ ఉన్నచోటే ఉండనీయండి. దుప్పట్లు ఉతికి మడత పెట్టేముందు ఒకసారి పరుపుల మీద వేసి చూశాను నేను, మట్టి మరకలు పోలేదు, ఇంట్లో ఎవ్వరూ ఒప్పుకోలేదు. ఇప్పుడవి కారు డిక్కీలో ఉంటున్నాయి, కొండ మీద కూర్చోడానికి.